బ్రిటన్‌లో ఇంటి బాయిలర్ మార్చాలంటే: పెట్టెకయ్యేది కొంత, ఇంటికయ్యేది మరింత

బాయిలర్ అంటే కాస్త వయసు మళ్ళిన తెలుగువాళ్ళకు పెరట్లో రాగి బాయిలర్ గుర్తొస్తుంది. మధ్యలో గొట్టం, గొట్టంలో బొగ్గులో కొబ్బరి డొక్కలో, చుట్టూ నీళ్ళు. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండేది కాదు. అడుగు కారితే మాటు వేయించి మళ్ళీ ఏళ్ళ తరబడి వాడుకునేవాళ్ళు.

బ్రిటన్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఎదురయ్యే బాయిలర్ వేరు. వంటింటి అలమరలో కప్పులూ పళ్ళేల పక్కన దాక్కుని ఉండే తెల్ల పెట్టె అది. గ్యాస్ మండించి నీళ్ళు వేడి చేస్తుంది, ఆ నీళ్ళను గదిగదిలో ఉన్న రేడియేటర్లకు తిప్పుతుంది, చాలా ఇళ్ళలో స్నానానికీ అంట్లకూ వేడినీళ్ళు కూడా అదే ఇస్తుంది. పేరుకు బాయిలరే గానీ అందులో నీళ్ళు మరగవు. 60 నుంచి 80 డిగ్రీల మధ్యే ఆగిపోతాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ ఇళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతులు పూర్తిగా గొట్టపు గ్యాస్ మీదే వెచ్చబడుతున్నాయి. అంటే ఆ దేశంలో శీతాకాలం గడవడం చాలావరకు ఈ పెట్టె చేతిలోనే ఉంది.

అది ఆగిపోయేది కూడా సరిగ్గా శీతాకాలంలోనే. ఇందులో దురదృష్టమేమీ లేదు. వేసవిలో రోజుకు అరగంట పనిచేసే యంత్రం జనవరిలో పది గంటలు పనిచేస్తుంది. అరిగిపోతున్న ఫ్యాను, పట్టేస్తున్న వాల్వు అప్పుడే బయటపడతాయి. పొద్దున్నే కుళాయిలో చన్నీళ్ళు, బాయిలర్ తెర మీద అర్థం కాని కోడ్ ఒకటి. ఇంట్లో చంటిపిల్లో, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులో ఉంటే టెన్షన్ రెట్టింపు. 2 కిలోవాట్ల కరెంటు హీటర్ తెచ్చి పెట్టుకుంటే యూనిట్ 25 పెన్స్ లెక్కన గంటకు అర పౌండు. అది ఒక్క గదికే సరిపోతుంది. బకెట్టూ మగ్గూ వదులుకోని ఇళ్ళ వాళ్ళు కెటిల్‌లో నీళ్ళు కాచుకుని ఎలాగో స్నానం కానిచ్చేస్తారు, అది వేరే సంగతి.

ఈ స్థితిలో ఇంజనీర్ వచ్చి చూసి ‘ఇక దీనికి డబ్బు పెట్టడం దండగ, మార్చేయండి’ అంటాడు. తర్వాతి 24 గంటల్లో రెండు వేల నుంచి నాలుగు వేల పౌండ్ల నిర్ణయం తీసుకోవాలి. కారు కొనడానికి నెల రోజులు వెతికే మనిషి, పదిహేనేళ్ళు వాడాల్సిన ఈ వస్తువును ఒక్క సాయంత్రంలో, వణుకుతూ కొంటాడు. బాయిలర్ మార్పులో ఉన్న చిక్కులు చాలావరకు ఈ ఒక్క విషయం దగ్గరే మొదలవుతాయి.

ముందు డబ్బు సంగతి. ఇప్పుడున్న కాంబీ బాయిలర్ తీసేసి అదే చోట మరో కాంబీ పెడితే ఇటీవలి కాలంలో సుమారుగా 2,000 నుంచి 3,500 పౌండ్లవుతుంది. కాంబీ అంటే ట్యాంకూ, వేడినీళ్ళు నిల్వ చేసే సిలిండరూ లేకుండా, కుళాయి తిప్పినప్పుడే నీళ్ళు వేడి చేసేది. అటకమీద ట్యాంకు, గూట్లో రాగి సిలిండరు ఉన్న పాత పద్ధతి నుంచి కాంబీకి మారితే 3,000 నుంచి 4,500 దాకా పోతుంది. ఫైర్‌ప్లేస్ వెనక దాగి ఉండే పాత బ్యాక్ బాయిలర్ అయితే దాన్ని పెకలించి వేరే గోడకు కొత్తది పెట్టాలి కాబట్టి ఇంకా పైకే. లండన్‌లో ఈ అంకెలకు మరికొంత కలుపుకోవాలి.

ఇందులో పెట్టె వాటా ఎంత? మధ్యరకం కాంబీ ఒక్కదాన్నే కొంటే 900 నుంచి 1,500 పౌండ్ల మధ్య దొరుకుతుంది. బిల్లులో సగం కూడా కాదు చాలాసార్లు. మిగతాది పొగగొట్టం, తుప్పును పట్టే అయస్కాంత ఫిల్టర్, థర్మోస్టాట్, శుభ్రం చేసే రసాయనాలు, ఒకటి రెండు రోజుల కూలి, కాగితాల నమోదు, వీటన్నిటి మీదా 20 శాతం వ్యాట్. అమ్మకందారు పెద్ద కంపెనీ అయితే ఇంటికొచ్చి కొలతలు తీసుకునే సేల్స్‌మన్ కమీషన్ కూడా ఎక్కడో కలిసే ఉంటుంది. అందుకే ఒకే ఇంటికి మూడు కోట్‌లు (ఖర్చు అంచనాలు) తెప్పిస్తే మూడూ మూడు లోకాల్లో ఉంటాయి. ఇంటిని సరిగ్గా చూడకుండా ఫోటోల మీద ఇచ్చిన కోట్ తక్కువగానే కనిపిస్తుంది. తేడా పని మొదలయ్యాక బయటపడుతుంది.

ఆ తేడా ఎక్కడ నుంచి వస్తుందో తెలియాలంటే కొత్త బాయిలర్ పాతదాని కంటే ఏ విషయంలో భిన్నమో చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, కొన్ని మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకమే అయి ఉండాలి. గ్యాస్ మండితే వేడితో పాటు నీటి ఆవిరి పుడుతుంది. పాత బాయిలర్లు ఆ ఆవిరిని వేడివేడిగా గొట్టం గుండా బయటికి వదిలేసేవి. కొత్తవి ఆ ఆవిరిని లోపలే చల్లార్చి నీరుగా మార్చి, అందులో దాగిన వేడిని కూడా లాక్కుంటాయి. ఆలోచన బాగుంది. అయితే ఆ నీరు ఎక్కడికో పోవాలి. చలి రోజుల్లో గంటకు ఒకటి రెండు లీటర్ల దాకా, కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. కాబట్టి ప్రతి కొత్త బాయిలర్‌కూ ఒక డ్రెయిన్ గొట్టం కావాలి. 1990ల నాటి బాయిలర్ ఉన్న గోడ దగ్గర అలాంటిది ఉండదు.

వంటింటి సింకు పక్కనే బాయిలర్ ఉంటే ఇది పది నిమిషాల పని. మేడ మీద గదిలోనో గ్యారేజీలోనో ఉంటే గొట్టాన్ని గోడ దాటించి బయట నుంచి తిప్పాలి. సన్న గొట్టాన్ని, చుట్టూ ఏమీ తొడగకుండా బయట వదిలితే గట్టి చలికి అందులో నీరు గడ్డకట్టి బాయిలర్ గుడగుడమని ఆగిపోతుంది. 2018 ఫిబ్రవరి చివర సైబీరియా వైపు నుంచి చలిగాలులు వచ్చినప్పుడు బ్రిటన్ అంతటా ఇదే జరిగింది. బాయిలర్ పోయిందనుకుని ఇంజనీర్ల కోసం వరస కట్టినవాళ్ళలో చాలామందికి కావలసింది ఆ గొట్టం మీద పోయడానికి చెంబెడు గోరువెచ్చని నీళ్ళే. సలసలా కాగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ గొట్టం పగిలే ప్రమాదముంది. బయట 32 మిల్లీమీటర్ల గొట్టం వేసి, దానికి నురుగు తొడుగు వేయడం ఖర్చులో చిన్నదే. కోట్‌లో ఆ మాట ఉందో లేదో చూస్తే ఆ ఇన్‌స్టాలర్ ఎలాంటివాడో కొంత తెలిసిపోతుంది.

రెండోది గ్యాస్ గొట్టం. పాత సిలిండరు పద్ధతి బాయిలర్ తాపీగా నీళ్ళు కాచి నిల్వ పెట్టేది. 15 కిలోవాట్లు చాలు. కాంబీ అలా కాదు. షవర్ తిప్పగానే 5, 6 డిగ్రీల నీళ్ళను 40 డిగ్రీలకు క్షణాల్లో తేవాలి. దానికి 30 కిలోవాట్లు, అంటే రెట్టింపు గ్యాస్. మీటర్ దగ్గర 21 మిల్లీబార్ ఉండే పీడనం బాయిలర్ చేరేసరికి ఒక మిల్లీబార్ కంటే ఎక్కువ తగ్గకూడదని నియమం. పాత ఇళ్ళలో ఉండే 15 మిల్లీమీటర్ల గొట్టంతో చాలాసార్లు అది కుదరదు. 22 మిల్లీమీటర్లది కొత్తగా లాగాలి. మీటరేమో ముందు గుమ్మం పక్కన, బాయిలరేమో ఇంటి వెనకవైపు వంటింట్లో. మధ్యలో ఇంటి యజమాని నిరుడే ముచ్చటపడి వేయించుకున్న చెక్క ఫ్లోరింగ్. దాన్ని లేపాలా, గొట్టాన్ని గోడ వెంట కనబడేలా పోనివ్వాలా, ఇంటి బయట నుంచి తిప్పాలా అన్న చర్చ బాయిలర్ బ్రాండ్ గురించి జరిగే చర్చ కంటే ఎక్కువసేపు సాగుతుంది.

మూడోది రేడియేటర్లలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్న నీరు. ఇనుప రేడియేటర్లు లోపల మెల్లగా తుప్పుపడతాయి. ఆ తుప్పు నల్లని బురదగా అడుగున పేరుకుంటుంది. రేడియేటర్ పైన వేడిగా, కింద చల్లగా ఉంటే దానికి సాధారణ కారణం ఇదే. కొత్త బాయిలర్ లోపలి దారులు చాలా సన్నవి. ఆ బురద వాటిలో చేరితే ఏడాది తిరక్కుండానే మూసుకుపోతాయి. తయారీదారు వచ్చి చూసి వారంటీ చెల్లదంటాడు. అందుకే కొత్తది పెట్టేముందు మొత్తం కడగాలి. గట్టిగా నీళ్ళు కొట్టి కడిగే పవర్ ఫ్లష్‌కు రేడియేటర్లను బట్టి 400 పౌండ్లు, ఆపైన. మందు కలిపి కొన్ని రోజులు తిప్పి వదిలేసే పద్ధతి చవక. బ్రిటిష్ ప్రమాణాల్లో 2019 సవరణ తర్వాత అయస్కాంత ఫిల్టర్ లాంటిది తప్పనిసరి భాగమైంది. ఎవరైనా ‘ఫిల్టర్ ఉచితం’ అని ఊరిస్తే అది ఎలాగూ పెట్టాల్సిందేనని గుర్తుంచుకోవచ్చు.

కడగడంలోనూ ఒక మెలిక ఉంది. పాత పద్ధతిలో అటకమీది చిన్న ట్యాంకు బరువుకే నీళ్ళు కిందికొచ్చేవి. పీడనం అర బార్ దాటేది కాదు. కాంబీ పెట్టాక అది బార్ నుంచి బార్‌న్నర వరకు ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళు నిద్రపోయిన వాల్వులూ జాయింట్లూ ఆ ఒత్తిడికి ఒక్కొక్కటే కారడం మొదలుపెడతాయి. బురద వల్లే మూసుకుని ఉన్న చిల్లులు కడిగాక తెరుచుకుంటాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాయిలర్ మార్చడానికని మొదలైన పని రెండు రేడియేటర్లూ ఒక సీలింగ్ మరకా దాకా పోతుంది. దీనికి ఇన్‌స్టాలర్‌ను తప్పుపట్టలేం. అయితే ముందే హెచ్చరించిన ఇన్‌స్టాలర్‌కూ చెప్పనివాడికీ తేడా చాలా ఉంది.

పొగగొట్టం గురించి క్లుప్తంగా. తెరుచుకునే కిటికీకి 300 మిల్లీమీటర్లన్నా దూరం ఉండాలి. కండెన్సింగ్ బాయిలర్ నుంచి తెల్లని ఆవిరి మేఘంలా వస్తుంది. అది పక్కింటి వంటింటి కిటికీలోకి పోతే పక్కింటావిడ ఊరుకోదు. దారి మళ్ళించే అదనపు గొట్టానికి అదనపు డబ్బు.

అపార్ట్‌మెంట్లలో ఇంకో కథ. ఐటీ ఉద్యోగాల మీద వెళ్ళినవాళ్ళు మొదట కొనుక్కునేది తరచుగా ఇలాంటి ఫ్లాటే. 2000 తర్వాత కట్టిన చాలా ఫ్లాట్లలో పొగగొట్టం సీలింగ్ లోపల నుంచి పోతుంది. 2013 జనవరి నుంచి అలాంటి గొట్టాన్ని చూడటానికి సీలింగ్‌లో తలుపులు ఉండాలి. లేకపోతే ఇంజనీర్ ఆ బాయిలర్‌ను ప్రమాద జాబితాలో పెట్టి, యజమాని ఒప్పుకుంటే ఆపేసి వెళ్తాడు. సీలింగ్ కోయాలి, తలుపులు బిగించాలి, రంగు వేయాలి. బయటి గోడ సొంతం కూడా కాదు, అది భవనం అసలు యజమానిది. గోడలో కొత్త రంధ్రం పెట్టాలంటే అతని అనుమతి, ఆ అనుమతికి ఫీజు, ఆ ఫీజు కట్టాక జవాబు కోసం వారాలు. ఈలోగా ఇంట్లో చలి.

ఇక సైజు. ఇక్కడ జనం అనవసరంగా ఎక్కువ పెట్టేస్తున్నారని చెప్పక తప్పదు. ‘మూడు బెడ్రూములు, పది రేడియేటర్లు, కాబట్టి 35 కిలోవాట్లు’ అనే లెక్క బాగా పాకిపోయింది. మామూలు మూడు బెడ్రూముల ఇంటిని గట్టి చలిలో వెచ్చగా ఉంచడానికి 10 కిలోవాట్లు కూడా అక్కర్లేదు. 30, 35 అనే అంకెలన్నీ స్నానం నీళ్ళ కోసం. 30 కిలోవాట్ల కాంబీ నిమిషానికి సుమారు 12 లీటర్ల నీళ్ళను 35 డిగ్రీలు పెంచి ఇస్తుంది. ఒక షవర్‌కు అది పుష్కలం, రెండు ఒకేసారి తిప్పితే చాలదు. అసలు వీధి గొట్టం నుంచి ఇంటికొచ్చే నీళ్ళే నిమిషానికి 9 లీటర్లయితే 35 కిలోవాట్ల బాయిలర్ కొన్నా ఒక్క చుక్క కూడా ఎక్కువ రాదు. ఒక బకెట్, ఒక గడియారం పెట్టుకుని వంటింటి చన్నీళ్ళ కుళాయి దగ్గర నిమిషం నిలబడితే తేలిపోయే విషయం ఇది. రెండు స్నానాల గదుల్లో పొద్దున్నే ఒకేసారి స్నానాలు జరిగే ఉమ్మడి కుటుంబాలకు కాంబీ కంటే సిలిండరు ఉన్న పద్ధతే నయం. అల్మరా జాగా కలిసొస్తుందని ఉన్న సిలిండరు పీకించేసుకుని, తర్వాత వరసలో నిలబడి స్నానాలు చేసే ఇళ్ళు తక్కువేం కాదు.

బాగు చేయించాలా, మార్చేయాలా? ఇంజనీర్ మాటను నమ్మక తప్పని పరిస్థితి ఇక్కడే వస్తుంది. ఫ్యాను, సర్క్యూట్ బోర్డు, నీళ్ళ దారి మళ్ళించే వాల్వు, వీటిలో ఏది పోయినా కూలితో కలిపి 250 నుంచి 500 పౌండ్లు. ఎనిమిదేళ్ళ బాయిలర్‌కు అది పెట్టొచ్చు. పద్నాలుగేళ్ళదానికి పెడితే రెండు నెలల తర్వాత ఇంకోటి పోదన్న హామీ లేదు. బాయిలర్ ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్ళని ఆ రంగంలో వాళ్ళు అంచనాగా చెప్పే మాట. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో నీళ్ళు గట్టివి, సున్నం ఎక్కువ. అక్కడ కాంబీలో నీళ్ళు వేడెక్కే పలకలు కెటిల్ అడుగులాగే గారపడతాయి. నెలనెలా డబ్బు కట్టే బాయిలర్ కవర్ పథకాలు ఉన్నాయి గానీ, చాలా పాలసీల్లో బాయిలర్ ముసలిదైతే ‘బాగు చేయడం గిట్టుబాటు కాదు’ అనే నిబంధన అడ్డొస్తుంది. అప్పుడు చేతికొచ్చేది కొత్తదాని కోసం కొద్దిపాటి సాయం. ఏళ్ళ తరబడి కట్టింది ఎంతో, వచ్చింది ఎంతో ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోవచ్చు.

కొత్త బాయిలర్ అమ్మేవాళ్ళు చెప్పే ఇంకో మాట, ‘గ్యాస్ బిల్లు తగ్గి డబ్బు తిరిగొచ్చేస్తుంది’ అని. దీన్ని లెక్కతో చూద్దాం. ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో మామూలు కుటుంబానికి ఏడాదికి 11,500 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) గ్యాస్ అని లెక్కగట్టింది. యూనిట్ 6 పెన్స్ అనుకుంటే 690 పౌండ్లు. పాత బాయిలర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుందాం. అంటే ఇంటికి నిజంగా అందుతున్న వేడి 9,200 యూనిట్లు. 90 శాతంతో పనిచేసే కొత్తదాంతో అదే వేడికి సుమారు 10,220 యూనిట్లు చాలు. ఆదా దాదాపు 1,280 యూనిట్లు, డబ్బుగా 77 పౌండ్లు. 3,000 పౌండ్ల బాయిలర్ ఆ ఆదాతో ఖర్చు తీర్చుకోవాలంటే 39 ఏళ్ళు పడుతుంది. అంతకాలం ఏ బాయిలరూ బతకదు. పాతది మరీ నాసిరకం, 65, 70 శాతందైతే లెక్క కొంత మెరుగవుతుంది, అయినా గిట్టదు. కొత్త బాయిలర్ కొనేది నమ్మకం కోసం, జనవరిలో చలికి చిక్కకుండా ఉండటం కోసం. దాన్ని పెట్టుబడిగా చూపించి అమ్మడం సరికాదు.

వాయిదాల్లో కొంటే లెక్క ఇంకా దిగజారుతుంది. 3,000 పౌండ్లు 9.9 శాతం వడ్డీతో పదేళ్ళ వాయిదాల మీద తీసుకుంటే నెలకు 39 పౌండ్ల దాకా పడుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. మొత్తం కలిపితే 4,650 చిల్లర. అప్పు తీరేసరికి బాయిలర్ ముసలిదైపోయి ఉంటుంది.

ఇంత డబ్బు పెట్టే చోట చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది. గ్యాస్ పని చేసేవాళ్ళు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. బ్రిటన్‌లో 2009 ఏప్రిల్‌లో పాత కోర్గీ వ్యవస్థ స్థానంలో వచ్చిందిది. ఇంజనీర్ గుర్తింపు కార్డు ముందువైపు ఫోటో చూసి వదిలేస్తారు గానీ, ఏయే పనులకు అతనికి అర్హత ఉందో రాసేది వెనకవైపు. 100 పౌండ్లు మించి 30,000 లోపు ఖరీదైన పనికి కొంతైనా క్రెడిట్ కార్డుతో కడితే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం కింద కార్డు కంపెనీ కూడా బాధ్యత వహిస్తుంది. డిపాజిట్ తీసుకున్న సంస్థ మూతపడినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఇంటి దగ్గరో ఆన్‌లైన్‌లోనో కుదిరిన ఒప్పందానికి 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. అయితే ‘వెంటనే మొదలుపెట్టండి’ అని రాసిచ్చాక జరిగిన పనికి డబ్బు కట్టక తప్పదు. చలిలో ఉన్నవాళ్ళు అందరూ రాసిచ్చేది అదే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ గొడవలో డబ్బు బాధ లేదు, ఎదురుచూపు బాధే. 1985 నాటి చట్టం ప్రకారం వేడినీళ్ళ, హీటింగ్ ఏర్పాట్లను బాగుచేసే బాధ్యత ఇంటి యజమానిది. ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ కూడా అతనే చేయించాలి. విషయాన్ని ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, తేదీతో రాతపూర్వకంగా పంపడం తర్వాత పనికొస్తుంది.

గ్యాస్‌కు బదులు కరెంటుతో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంప్ మాటేమిటన్నది వాట్సాప్ గ్రూపుల్లో తెగని చర్చ. ‘గ్యాస్ బాయిలర్లు నిషేధిస్తారట’ అన్న మాట 2021 నుంచి తిరుగుతోంది. కొత్త గ్యాస్ బాయిలర్ల అమ్మకాన్ని 2035 నాటికి ఆపాలని అప్పట్లో ప్రభుత్వం లక్ష్యం చెప్పిన మాట నిజం. 2023 సెప్టెంబరులో రిషి సునాక్ ప్రధానిగా ఉన్నప్పుడు దాన్ని సడలించారు. ఉన్న బాయిలర్ పీకేయమని మాత్రం ఆ లక్ష్యంలో లేదు. హీట్ పంప్ పెట్టుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లలో 7,500 పౌండ్ల సబ్సిడీ ఉంది. 2022లో 5,000తో మొదలై 2023 అక్టోబరులో పెరిగింది. వ్యాట్ కూడా 2027 మార్చి వరకు సున్నా. సబ్సిడీ పోగా చాలా ఇళ్ళలో ఇంకా నాలుగు నుంచి ఆరు వేలు చేతి నుంచి పెట్టాలి.

నడిపే ఖర్చు? పైన చెప్పిన 9,200 యూనిట్ల వేడినే తీసుకుందాం. 90 శాతం బాయిలర్‌తో అది 613 పౌండ్లు. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇచ్చే హీట్ పంప్‌తో, కరెంటు 25 పెన్స్ అయితే, 767 పౌండ్లు. నాలుగు యూనిట్లు ఇచ్చేలా బాగా అమర్చినదైతే 575. వంట కూడా కరెంటుకు మార్చి గ్యాస్ కనెక్షన్ తీసేస్తే రోజువారీ స్థిర రుసుము ఏడాదికి వంద పౌండ్ల దాకా మిగులుతుంది. అంటే ఫలితమంతా అమర్చే పనితనం మీద ఆధారపడి ఉంది. కరెంటు యూనిట్ ధర గ్యాస్‌కు నాలుగింతలున్నంత కాలం ఈ ఇరకాటం పోదు. దీనికి సిలిండరు కూడా కావాలి. కాంబీ మోజులో ఆ గూడు ఖాళీ చేసి బట్టలు సర్దుకున్న ఇళ్ళు ఇప్పుడు దానికి చోటు వెతుక్కోవాలి. కొలతలు, సబ్సిడీ దరఖాస్తు, రేడియేటర్ల మార్పు, అన్నీ కలిపి వారాలు పడుతుంది. బాయిలర్ ఆగిపోయిన ఇల్లు వారాలు ఆగలేదు. అందుకే హీట్ పంప్ పెట్టుకుందామని అనుకుంటున్నవాళ్ళు కూడా ఆ జనవరి రాత్రి మళ్ళీ గ్యాస్ బాయిలరే కొని, ఇంకో పన్నెండు పదిహేనేళ్ళు దానికి కట్టుబడిపోతారు.

ఇల్లు కొనేటప్పుడే ఈ సంగతి పట్టించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఇళ్ళ బేరాలు ఎక్కువగా సాగేది వసంతం, వేసవి నెలల్లో. అప్పుడు హీటింగ్ వేసి చూడాలని ఎవరికీ తోచదు. సర్వేయర్ ఇల్లంతా చూస్తాడు గానీ బాయిలర్‌ను పరీక్షించడు. ‘నిపుణుడితో చూపించుకోండి’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటాడు. అమ్మేవాళ్ళు నింపే టీఏ6 పత్రంలో హీటింగ్ ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారు అన్న ప్రశ్నలు ఉంటాయి. అక్కడ ఖాళీ వదిలినా, ‘తెలియదు’ అని రాసినా బేరమాడటానికి అదొక కారణం. కొత్త బాయిలర్ పెట్టినప్పుడు ఇన్‌స్టాలర్ 30 రోజుల్లోగా స్థానిక సంస్థకు తెలియజేయాలి; ఆ నమోదు పత్రం పోస్టులో వస్తుంది. దాన్ని పిజ్జా కరపత్రాలతో కలిపి పారేసినవాళ్ళు ఇల్లు అమ్మే రోజున లాయర్ అడిగితే వెతుక్కుంటారు. నకలు తెప్పించుకోవచ్చు, రుసుము కట్టాలి. ఏడేళ్ళు, పదేళ్ళు అని రాసి ఉండే వారంటీ ఏటా సర్వీసు చేయిస్తేనే నిలుస్తుంది. ఒక్క ఏడాది మరిచిపోతే తయారీదారుకు తప్పించుకునే దారి దొరికినట్టే.

పదేళ్ళు దాటిన బాయిలర్ ఉన్న ఇల్లు మే, జూన్ నెలల్లో కోట్‌లు తెప్పించుకుంటే ఇన్‌స్టాలర్లకు తీరిక ఉంటుంది, ఇంటిని సావకాశంగా చూస్తారు, బేరానికి కొంత చోటు ఉంటుంది. పని జరిగే ఒకటి రెండు రోజులు వేడినీళ్ళు లేకపోయినా ఎవరికీ జలుబు చేయదు. గ్యాస్ గొట్టం చాలదనో సీలింగ్ కోయాలనో తేలినా ఆలోచించుకోవడానికి వారం పదిరోజులు దొరుకుతాయి. పనిచేస్తున్న వస్తువును తీసేయడానికి మనసొప్పదు నిజమే. తీసేయాల్సిన పని కూడా లేదు. కోట్‌లు, కొలతలు చేతిలో ఉంటే చాలు, జనవరిలో ఆగిపోయినా ఎవరికి ఫోన్ చేయాలో, ఎంతవుతుందో తెలిసి ఉంటుంది.

పెట్టిన తర్వాత ఒక పని మిగిలిపోతుంది. కండెన్సింగ్ బాయిలర్ ఆవిరిలోని వేడిని లాక్కోవాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు 55 డిగ్రీల లోపు ఉండాలి. చాలా బాయిలర్లను 75, 80 డిగ్రీల దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. ‘వేడి రావట్లేదు’ అని ఫోన్ రాకుండా ఉంటుందని. అలా వదిలేస్తే డబ్బా మీద రాసిన 92 శాతం సామర్థ్యం డబ్బా మీదే ఉండిపోతుంది. కాంబీ ముందువైపు రేడియేటర్ గుర్తు ఉన్న మీటను 60 దగ్గరికో, ఇల్లు వెచ్చగా ఉంటే ఇంకాస్త కిందికో తిప్పడానికి ఇంజనీర్ అక్కర్లేదు. ఇల్లు వేడెక్కడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, బిల్లు తగ్గుతుంది. సిలిండరు ఉన్న ఇళ్ళలో మాత్రం నిల్వ నీళ్ళు 60 డిగ్రీలన్నా ఉండాలి కాబట్టి అంత తగ్గించకూడదు. లేకపోతే లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.